ఓరుగంటి బంటు నీటిపాత్ర



నేడు నేను మీకు మనవి చేయబోవు విషయము మిక్కిలి చిన్నది. అది భుజమునకు తగిలించుకొనదగిన యొక నీటిపాత్రను గూర్చినది. ఓరుగంటి కోటను గూర్చియు, అందలి శిలాతోరణములను గూర్చియు, వేయిస్తంభముల గుడిని గూర్చియు, 1213వ సంవత్సరమున రేచర్ల రుద్రుడు ప్రతిష్ఠించిన రామప్ప దేవాలయమును గూర్చియు పెద్దలు విస్తరించి చెప్పియున్నారు. కాని మిట్టమధ్యాహ్నమున కోటబురుజుపై నిలిచిన బంటునకు దప్పి యైనప్పుడు అతడు నీరు దేనిలో త్రాగెనని యెవ్వరైన నన్నడిగినచో, రెండేండ్లు వెదకిన పిమ్మటను నేను ఒక్క వాక్యములో బదులు చెప్పజాలను. ఈ వెదకులాట యంతయు నేను చేసిన యొక తప్పునుండి పుట్టినది గనుక ముందుగా ఆ తప్పునే చెప్పుకొనెదను.

నేను ముప్పదియేండ్లు చరిత్ర పాఠము చెప్పి విశ్రాంతి గైకొన్న ఉపాధ్యాయుడను. మా పేటలోని యుత్సవసంఘమువారు కాకతీయ సేనావేషములతో బాలుర ఊరేగింపు నొకదానిని తలపెట్టి, వేషముల విషయమున సలహా చెప్పవలసినదని నన్ను గోరిరి. కత్తి, డాలు, సురకత్తి, తలపాగ, నడికట్టు, వీనిని వీరగల్లులను జూచి నిర్ణయించితిని. ఇంతలో నొకరు, "సారూ, దూరము నడిచే సైనికులు కదా, నీళ్లకు ఏమన్నా ఉండవలెగద?" అనిరి. నేను తడవుకొనకుండ మరచెంబు అని చెప్పితిని. మా తాతగారు కాశీయాత్రకు గొనిపోయిన మరచెంబు మా యింటిలో నేటికిని గలదు. గుండ్రని కడుపు, బిగువైన మూత, పట్టుకొనుటకు కడియము గలిగిన యా పాత్రకన్న ప్రయాణమునకు తగినది వేరొకటి నాకు తోచలేదు. ఇరువదిమంది బాలురు ఇరువది మరచెంబులను తళతళలాడించుచు కోటవీధిలో నడచిరి. చూచినవారు మెచ్చిరి. నాకొక పూలమాలయు దక్కినది.

ఆ చెంబులలో నొకటి క్రిందపడి సొట్టపోగా దానిని దిద్దించుటకై పెంబర్తికి గొనిపోయితిని. ఇత్తడిరేకుపై నగిషీ చేయుటలో ఆ గ్రామమునకు గల ప్రసిద్ధి మీ రెరిగినదే. అచ్చటి వృద్ధశిల్పి చెంబు నందుకొని, మూత త్రిప్పి తీసి, దాని యంచున గల చుట్లను గోటితో రాచి, "సారూ, ఇది కాకతీయులప్పటిదంటిరి. ఆనాడు ఈ మర ఎట్ల కోసిండ్రంటరు?" అని అడిగెను. ఆయన నన్ను పరిహసింపలేదు. తన పనికి సంబంధించిన సందేహమును అడిగినాడు, అంతే. నాకు మాత్రము నోట మాట రాలేదు.

మరచెంబునందలి మర యనగా నేమి? అది లోహమున చుట్లు కోసి యొకదానిలో నొకటి బిగించు పద్ధతి. ఐరోపాలోనే లోహపు మరలు 15వ శతాబ్దమునకుగాని వాడుకలోనికి రాలేదు. మన దేశమున అవి పాశ్చాత్యుల సంపర్కము తరువాతనే ప్రచారమునొందినవి. ఓరుగల్లు 1323వ సంవత్సరమున ఉలూఘ్‌ఖానుని వశమైనది. అనగా నేను ఆ బాలుర చేతులలో బెట్టిన వస్తువునకును ప్రతాపరుద్రుని బంట్లకును నడుమ కొన్ని శతాబ్దముల యెడము గలదన్నమాట. పాత్ర పేరులోనే "మర" యని యుండగా ముప్పదియేండ్లు చరిత్ర చెప్పినవాడు దానిని వినలేకపోయెను. చెవి లేకకాదు, ఇత్తడి తళుకు చెవిని మూసినది.

అటుపిమ్మట ఈ విషయమున నితరదేశములవా రెట్లు పాటుపడుదురో తెలిసికొన గోరితిని. అమెరికాలో పూర్వయుద్ధములను మైదానములందు మరల నభినయించు వాడుక గలదు. 1961వ సంవత్సరమున వారి యంతర్యుద్ధమునకు నూరేండ్లు నిండినప్పుడు మనాసస్ రణభూమిలో వేలకొలది జనులు చూచుచుండగా నట్టి పునరభినయము జరిగెను. అందు పాల్గొనువారికి నీటిపాత్ర యొక పెద్ద శాస్త్రమే. 1775 మొదలు 1783 వరకు జరిగిన స్వాతంత్ర్యసమరమున సైనికులు చిన్న డోలువంటి కొయ్యపాత్రలు మోసిరి. వానిలో కొన్ని పీపాలవలె బద్దలు చేర్చి పట్టెలు బిగించినవి. కొన్ని పలుచని కొయ్యను వంచి చుట్టినవి. రేకుపాత్రలును గలవు, ఎండిన సొరబుర్రలును గలవు. 1861 మొదలైన యంతర్యుద్ధమునాటికి గుండ్రని రేకుబుడ్డి, దానిపై ఉన్నిగుడ్డ తొడుగు, సీసముతగరము కలిసిన మూతి, గొలుసుతో గట్టిన బిరడా, ఇట్లు ప్రభుత్వము నిర్ణయించిన మచ్చు 1858వ సంవత్సరపు పేరుతో వ్యవహారములోనికి వచ్చెను. తొడుగు కుట్టు ఎట్లున్నది, పట్టె తోలుదా గుడ్డదా యని వారు గంటలకొలది వాదింతురు. మొదట నాకు నవ్వు వచ్చినది. పిదప పెంబర్తి శిల్పి గోరు జ్ఞప్తికి వచ్చి నవ్వు నిలిచిపోయినది.

అయితే వారికి గల యనుకూలములు మనకు లేవు. వారి పాత్రలు వస్తుప్రదర్శనశాలలలో నిలిచియున్నవి. కొన్నిటిపై మోసినవాని పేరు కత్తిమొనతో చెక్కబడియున్నది. సర్కారు చేసిన కంట్రాక్టుల కాగితములున్నవి. మన కాకతీయసైన్యమునకట్టి కేంద్రభాండాగారపు మచ్చు వెదకుటయే పొరపాటని నాకు క్రమముగా తెలిసినది. రుద్రమదేవి, ప్రతాపరుద్రుల కాలమున బలపడిన నాయంకరపద్ధతిలో నాయకులు రాజువలన గ్రామములు పొంది, దానికి బదులుగా సేనను నిలిపి యుద్ధమునకు తెచ్చెడివారు. ఒక్కొక్క నాయకుని బంట్లు ఒక్కొక్క సీమనుండి వచ్చినవారు. ఇంటినుండి దొరకిన పాత్రతో వచ్చువాడు ఇరువదిమందిలో నొకడైన నుండకపోడు. కావున ఇరువదిమంది బాలురచేతను ఒకే తీరు పాత్రను మోయించుట, ఆ పాత్ర యేదైనను సరియే, రెండవ తప్పు.

ఇక ప్రమాణముల వెదకులాట. 1949లో వెలువడిన "ఆంధ్రుల సాంఘిక చరిత్ర" యందు సురవరము ప్రతాపరెడ్డిగారు కావ్యములను జల్లించి వెనుకటివారి కూడు, గుడ్డ, ఆట, పాట ఏరి చూపిన మార్గము నా కాధారము. ఓరుగంటి వీధులను వర్ణించు "క్రీడాభిరామము"ను మరల చదివితిని. పూటకూళ్లయింటిలో రూకకు దొరకు భోజనము, ఏకవీరాదేవి గుడి, పలనాటివీరుల కథ పాడువారు, అన్నియు నందు గన్నులకు గట్టినట్లున్నవి. బంటు నీటిపాత్ర నా కంటబడలేదు. అమీరు ఖుస్రో 1310వ సంవత్సరపు ముట్టడిని పారసీకమున వ్రాసినాడు. మట్టికోట గట్టిదనమును, కందకమును పూడ్చుటను, రాత్రివేళ కోటవారు శత్రువుల విడిదిపై బడుటను అతడు అలంకారములతో నింపి చెప్పెను. గెలిచినవాని యాస్థానకవికి ఓడినవాని దప్పితో పనియేమి? వీరగల్లులలో నేను చూచినంతవరకు వీరుడు కత్తి దూసి నిలిచియుండును, పైవరుసలో అచ్చరలు వానిని కొనిపోవుచుందురు. చచ్చి కైలాసమునకు బోవువానికి శిల్పి నీటిపాత్ర చెక్కడు గదా! కమండలువు మాత్రము శిల్పములలో కావలసినంత గలదు, కాని అది ఋషుల చేతిది.

ఇట్లు పుస్తకములయెదుట నిలిచి విసిగియున్నప్పుడు నాకు తోచిన దేమనగా, మన కగపడునవి నిలిచినవి మాత్రమే. ఇత్తడి, కంచు, రాగి నిలుచును. కరగించి మరల పోసినను విలువ యుండును గనుక ఇంట దాచుకొందురు. మట్టిముంత పగిలి పెంకగును. తోలు చివుకును. సొరబుర్ర ఎరువగును. అందుచేత మన ముత్తాతలందరు ఇత్తడిలోనే నీరు త్రాగిరని మనకు భ్రాంతి కలుగుచున్నది. చరిత్రలో పేదవాని పాత్ర ముందు మాయమగును, వాడు తరువాత మాయమగును.

ఆ మాయమైన పాత్రలను వెదకుచు నేను తాడ్వాయి యడవులవైపు వెళ్లితిని. మేడారము దారిలోని యొక కోయపల్లెలో ఇంటిచూరునుండి బుర్ర వ్రేలాడుచుండెను. మనవైపు ఆనిగెపుకాయ యనుదురే, ఆ సొరకాయ బుర్రయే. ఇంటి యిల్లాలు దానిలోని నీరు నాకు త్రాగనిచ్చినది. "ఎంత చల్లగున్నదక్కా!" యంటిని. "బుర్రనీళ్లు గదన్నా, ఎండకు పానం నిలుపుతయి" అనెను. అది సిద్ధపరచు విధము నామె మామగారు చెప్పిరి. సన్నని మెడగల కాయను తీగమీదనే ముదరనిచ్చి, తొక్క కొయ్యవలె గట్టిపడిన తరువాత కోసి, తొడిమవద్ద రంధ్రము చేయవలెను. నీటిలో నానవేసిన గుజ్జు క్రుళ్లును. గులకరాళ్లు పోసి గలగల ఆడించినచో గింజలును నారయు ఊడివచ్చును. పలుమారులు కడిగి, నీరు నిలిపి పారబోసినగాని వాసన పోదు. చేదుజాతి కాయను మాత్రము త్రాగునీటికి తగదని ఆయన గట్టిగా చెప్పిరి. కోసినప్పుడే నాలుకకొనతో చూచి ఏరుదురట. పిమ్మట నారత్రాటితో చిక్కమల్లి భుజమునకు తగిలింతురు. తొక్కనుండి నీరు కంటికి కనబడనంతగా చెమ్మగిలి ఆరుటవలన లోపలి నీరు చల్లబడును.

ఇంటికి వచ్చి త్రాసులో వేసి చూచితిని. రెండు లీటర్లు పట్టు బుర్ర పావుకిలోకు మించలేదు. దాదాపు అంతయే నీరు పట్టు మా తాతగారి మరచెంబు కిలోన్నర దాటినది. కత్తి, డాలు మోయుచు ఆమడదూరము నడువవలసినవా డేది కోరునో చెప్పుటకు శాసనము వలయునా?

సొరబుర్ర ప్రాచీనత విషయమున సందేహము లేదు. మనుస్మృతి యాఱవ యధ్యాయమున యతికి విధించిన పాత్రలలో అలాబుపాత్రము, కొయ్యపాత్రము, మట్టిపాత్రము, వెదురుపాత్రము చెప్పబడినవి. లోహపుపాత్రలు వలదనిరి. అడవిలో బుర్ర మోయువాడును, సన్న్యాసియు ఒకే పాత్రను బట్టుట నాకు ముచ్చటగా తోచినది.

అయినను ఒక్కొక్క బంటు వెంట ఒక్కొక్క పాత్ర యుండితీరవలెనను మన తలంపే సరియైనదా? ఈ సందేహము నాకు పాఖాల చెరువుకట్టపై గూర్చుండగా కలిగినది. గణపతిదేవుని కాలమున కట్టించిన యా చెరువునే చూడుడు. రామప్ప, లక్నవరము చూడుడు. ఊరూర గొలుసుకట్టు చెరువులను చూడుడు. దండయాత్రలకు సంప్రదాయముగా ముహూర్తము విజయదశమి. వానలు వెలిసి చెరువులు నిండియుండు కాలమది. చెరువునుండి చెరువునకు విడిది చేయుచు బోవు సేనకు అమెరికావారి బుడ్డివంటిది అంతగా అక్కరలేదు. కోటలోని వారికో, దిగుడుబావులు గలవు. నేటికిని కోటలో శృంగారబావి మెట్లు దిగి చూచినవారికి నే చెప్పునది తెలియును. ఇక చెరువునకును చెరువునకును నడుమ? అచ్చట నీరు మోయు మనిషి కావలెను.

ఈ మనిషి చరిత్రలో బహుకాలము కనబడుచున్నాడు. ఇంగ్లీషు కంపెనీవారి మద్రాసు సైన్యమున పటాలము వెంట పకాలీ యనువాడు ఎద్దుపై పెద్ద తోలుతిత్తులతో నీరు మోసెడివాడు. సిపాయి తన యిత్తడిచెంబులో ఆ నీరు పట్టుకొనెడివాడు. ఉత్తరాదిని భిస్తీ యన్నదియు నట్టివానినే. ఓరుగంటి సేనల వెంటను తిత్తియెద్దులు నడచియుండునని నా యూహ. ఊహ యని స్పష్టముగా చెప్పుచున్నాను. దీనిని పాఠ్యపుస్తకమున కెక్కింపవలదు.

మరుసటి ఊరేగింపునకు నేను క్రొత్త పట్టిక యిచ్చితిని. నాయకవేషధారి వెంట నొక సేవకుడు ఇత్తడి గిండి పట్టుకొనవలెను. బంట్లలో నాఱుగురు సొరబుర్రలు తగిలించుకొనవలెను. ఇరువురికి చిక్కములో మట్టిముంతలు. తక్కినవారికి నేమియు లేదు. చివరను తోలుతిత్తులతో నొక యెద్దు, దాని ప్రక్కన నీరు పోయువాడు.

సంఘములో గొప్ప కలకలము చెలరేగినది. బుర్రలు ఛాయాచిత్రములలో మెఱయవని యొకరు. ఇది కాకతీయవైభవమా, కరవుయాత్రయా యని యింకొకరు. కాని అసలు చిక్కు తిత్తులవద్ద వచ్చినది. సంస్కృతము చదివిన పెద్ద యొకరు, "తోలులో పోసిన నీరు మన రాజుల సేన త్రాగినదని పిల్లలకు చూపుదురా?" అని కోపించిరి. ఆయన యెడల నాకు గౌరవము గలదు. నే నాయనతో, "అయ్యా, తమ చిన్ననాట మోటబావి నీరు త్రాగలేదా? మోట బొక్కెనకు తొండము తోలుదే గదా, ఆ నీట పండిన వరియన్నమే గదా మనము తిన్నది" యంటిని. ఆయన మెత్తబడలేదు. అప్పుడు మనుస్మృతి రెండవ యధ్యాయము దీసి చూపితిని. ఇంద్రియములలో నొక్కటి జారినను మనుష్యుని ప్రజ్ఞ జారిపోవుననుటకు స్మృతికారుడు చెప్పిన పోలిక, తోలుతిత్తి కాలినుండి నీరు కారిపోవుట. దృతి యను మాటకు తిత్తి యనియే యర్థము. విననివారికి తెలియని వస్తువును పోలికగా నెవ్వడు చెప్పును? ఆయన యా శ్లోకమును మనస్సులోనే యొకసారి చదువుకొని, "ఇన్నేండ్లు వల్లించితిని గాని తిత్తి నా కంట బడలేదయ్యా" అని నవ్విరి. నా మరచెంబు కథ నప్పుడాయనకు చెప్పితిని. ఇరువురమును చాలసేపు నవ్వుకొంటిమి.

తిత్తులు కుట్టుటకు మాత్రము మనుష్యుడు దొరకుట కష్టమైనది. కోటకు దక్షిణముననున్న యొక పల్లెలో, ఒకప్పుడు మోటబొక్కెనలు కుట్టిన వృద్ధుడున్నాడని విని వెళ్లితిని. మోటలు పోయి కరెంటుపంపులు వచ్చినతరువాత ఆయన ఆ పని విడిచి నలుబదియేండ్లు దాటినది. ఆరె, ఉలి గోడలోని గూటిలో నుండెను. మొదట నమ్మలేదు. "ఊరేగింపులనా సారూ? తిత్తినా?" అని రెండుమారు లడిగెను. పిదప తోలు ఊనబెట్టుటకు తంగేడుచెక్క కావలెననియు, కుట్టు లోపలివైపునకు మడవకున్న నీరు నిలువదనియు చెప్పుచు గంటసేపు వదలలేదు. ఆయన మనుమడు, పదవ తరగతి బాలుడు, గడపయొద్ద నిలిచి తాతను క్రొత్తవానినివలె చూచుచుండెను. తన తాత కా పని వచ్చునని వాడెన్నడు వినలేదట.

ఊరేగింపునాడు ఆ బాలుడే యెద్దు ప్రక్కన నడచెను. వేషము వేయుమని నేను చెప్పలేదు, వాడే యడిగినాడు. ఎండ తీక్షణముగా నుండెను. శిలాతోరణములను చేరునప్పటికి బుర్రలలో రెండు కారి ఖాళీయైనవి. ముంత యొకటి పగిలినది. ఏమియు లేని బంట్లు నాలుకలు తడుపుకొనుచుండిరి. దారిప్రక్కన ప్లాస్టిక్ సీసాలు పంచుచున్నవారి వైపు వారి చూపులు పోవుట నేను గమనించితిని. అంతలో నా బాలుడు ఎద్దును నిలిపి, తిత్తి కాలికి గట్టిన త్రాడు సడలించెను. బంట్లు దోసిళ్లు పట్టిరి. వరుసలో మూడవవాడు సంఘాధ్యక్షుని మనుమడు. ఆతడు రెండు దోసిళ్లు త్రాగి, "కొంచెము తంగేడు వాసన వస్తుంది తాతా, కానీ సల్లగుంది" యని నాతో చెప్పెను.

వేయించిన రెండవ తిత్తి ఇప్పుడు నా వసారాలో నున్నది. వారమున కొకమారు నీరు నింపి నిలుపకున్నచో ఎండి బీటలు వారునని వృద్ధుడు హెచ్చరించినందున అట్లే చేయుచున్నాను. బుర్రలలో నొకదాని గింజలు దాచి మొన్నటి తొలకరికి పందిరి క్రింద నాటితిని. తీగ సాగినది. మెడ సన్ననివి మూడు కాయలు నిలిచినవి. వానిలో నొకదానిని మా కోడలు కూరకు కోసినది.